వాసన చూసే కొలువు

ప్లాస్టిక్కుకు పునర్జన్మ ప్రసాదించే ఆ మహాక్షేత్రానికి ఉన్నది ఒక్కటే రేకు తలుపు. దానికి బయటినుంచి తాళం. చెత్తలో రాగి ముక్క కనబడితే అక్కడ ఏరే ఆడవాళ్లు దాచుకుపోతారని కంట్రాక్టరుగారి దివ్యదృష్టికి తోచింది మరి.

లోపల కోడలు ప్లాస్టిక్కును రకాలవారీగా ఏరి సంచులు నింపేది. ఆమె అత్తగారిది సర్వోన్నత పదవి: తెలియని ముక్కను అగ్గిపుల్లతో అంటించి, పొగ పీల్చి, రకం తేల్చడం. 'ముక్కు పెద్దమ్మ' అన్న బిరుదు అలా వచ్చింది. పాత సీసాలు కుర్చీలయ్యాయి, బకెట్లయ్యాయి; చెత్తతో పూడిన కాలువల్లో నీళ్లు పారాయి. ఆ ఘనకార్యానికి పెద్దమ్మ తన ఊపిరితిత్తులు సమర్పించుకుంది.

ఆ ఉదయం ఒక నల్లముక్క పొగ పీలుస్తూనే ఆమె ఒరిగిపోయింది. పెదవులు నీలమయ్యాయి. కోడలు తలుపు బాదింది.

"మేస్త్రీ! తలుపు తియ్యి! మా అత్తకి ఊపిరాడట్లేదు!"

కిటికీ ఊచల్లో మేస్త్రీ ముఖం మొలిచింది. "ముందు సభ అవనీ తల్లీ. భూమిని కాపాడినందుకు అయ్యగారికి పతకం వేస్తున్నారు."

"భూమి బతికిందా? సంతోషం! ఇక మా సంగతి చూడమను!" అందొకామె. నవ్వులు లేచి దగ్గులయ్యాయి.

"పని ఆపేద్దాం," అంది కోడలు.

"మంచి పనేగదే ఇది?" అంది పక్కనున్నామె.

"మంచి పనే అక్కా. మంచి పని చేసేవాళ్లకి బోనెందుకు?"

మూడు రోజులు ఏరి నింపిన సంచిని ఆమె తిరిగి చెత్తకుప్ప మీద బోర్లించింది. తర్వాత ముప్పై సంచులూ ఒరిగాయి. తెల్లవి, నల్లవి, నీలివి వర్గభేదాలు మరచి ఏకమయ్యాయి.

మెడలో పతకంతోనే కంట్రాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. "మళ్లీ వేరు చేసేదాకా తలుపు తియ్యను!"

"రకం చెప్పే మనిషి నేలమీద పడుంది. మీరొచ్చి వాసన చూడండయ్యా!"

"పోలీసుల్ని పిలిచి అందర్నీ లోపలేయిస్తా!"

"ఇప్పుడెక్కడున్నామనుకున్నారు?"

పోలీసులు వచ్చారు. అయితే చట్టానికీ ఒక చిక్కుంది: అరెస్టు చేయాలంటే తలుపు తీయక తప్పదు. తీశారు. మరుక్షణమే పదిమంది ఆడవాళ్లు తలుపును బందుల నుంచి పైకెత్తి ఊడదీసి, పెద్దమ్మను దానిమీద పడుకోబెట్టి, భుజాలకెత్తుకున్నారు.

"ఆగండి! మీరంతా అరెస్టు!"

"చెయ్యండి బాబూ. ముందు ఆస్పత్రికి నడవండి."

నడిచారు. ముందు తలుపు, వెనుక మిగతా ఆడవాళ్లు, ఆ వెనుక ప్రభుత్వం. ఆస్పత్రిలో పెద్దమ్మ ముక్కుకు గొట్టం పెట్టారు. ఛాతీ మెల్లగా లేచింది. అది చూశాకే కోడలు వాకిట్లోకి వచ్చింది.

"ఇక వ్యాన్ ఎక్కండి," అన్నాడు పోలీసు.

ఆమె వంగి తలుపు ఒక కొస పట్టుకుంది. "అటు కొస పట్టండక్కా. దీన్ని వదిలామంటే రేపు కంట్రాక్టరు మళ్లీ బిగిస్తాడు."