షమా పెళ్ళికి మా కారం

మా కొత్తింటి గృహప్రవేశానికి ట్రాక్టర్ షెడ్డు నడిపే హయాత్ అన్న పదివేల నూట పదహార్లు చదివించాడు. మైకులో ఆ అంకె వినగానే మా ఆయన వీరబాబు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పట్లో మిర్చి క్వింటా ఇరవై వేలు పలుకుతోంది, ఊళ్ళో అందరి ఛాతీలూ పెద్దగానే ఉండేవి. మూడేళ్ళు తిరిగేసరికి రేటు సగానికి పడింది. సరిగ్గా అప్పుడే హయాత్ అన్న కూతురు షమా పెళ్ళి శుభలేఖ వచ్చింది.

చదివింపులంటే మా వైపు మాటలు కాదు. ఇచ్చినవాడి పేరూ, ఎంతిచ్చాడన్నదీ పుస్తకంలో రాస్తారు, మైకులో చదువుతారు. మన వంతు వచ్చినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. మా ఆయన రెండు రోజులు అన్నం కెలికి వదిలేశాడు. మూడో రోజు నోరు విప్పాడు.

“ఎరువుల కొట్టు జక్రయ్య మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడే.”

“ఇస్తాడు, ఎందుకివ్వడూ? కట్టేది మనంగా!”

నాకు కోపమొస్తే గొంతు పక్కింటికి వినపడుతుంది. ఆ రోజు పక్క వీధికి వినపడింది. ఈ ఏడు కొత్త అప్పు చెయ్యకూడదని ఇద్దరం ముందే ఒట్టేసుకున్నాం. కేబుల్ తీసేశాం. బండి మానేసి బస్సెక్కుతున్నాం. ఆదివారం కోడికూర పోయి కోడిగుడ్ల పులుసు వచ్చింది, నిజం చెప్పాలంటే అదే బాగుంటోంది. ఇంత చేసి, ఒక్క మైకు కోసం మళ్ళీ అప్పులో దిగాలా?

మర్నాడు ఉప్పు కోసం కిరాణా కొట్టుకెళ్తే కారం పాకెట్టు కంటపడింది. కేజీ మూడొందల ఇరవై! మా దగ్గర వందకి కొని, మాకే మూడొందల ఇరవైకా అని కొట్టాయన మీద లేచాను. పాపం, ఆయనేం చేస్తాడు. తిట్టుకుంటూ ఇంటికొస్తుంటే దారిలో లెక్క తట్టింది. రేటు పెరిగితే అమ్ముదామని దాచిన మా మిరపకాయల టిక్కీలు, అంటే నలభై కేజీల బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో అరవై మూలుగుతున్నాయి. ఒక టిక్కీ మిర్చి యార్డులో అమ్మితే నాలుగు వేలు. అదే కారం పట్టిస్తే పదివేల పైమాటే.

“పెళ్ళికి కారం పట్టుకెళ్తామా? జనం నవ్వుతారే!” అన్నాడు మా ఆయన.

“నవ్వనీ. నవ్వుకి వడ్డీ పడదుగా.”

టిక్కీ తెచ్చి వసారాలో గుమ్మరించి ఇద్దరం తొడిమలు తీశాం. ఘాటుకి తుమ్ములు, ఆ తుమ్ములు చూసి నవ్వులు. పెళ్ళైన కొత్తలో తప్ప మేమిద్దరం అంతసేపు ఒకచోట కూర్చున్నది లేదు. నాకు భలే సంతోషమేసింది.

మర పట్టిస్తే ముప్పై ఏడు కేజీలు తేలింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందే ఆటోలో తీసుకెళ్ళి హయాత్ అన్న ట్రాక్టర్ షెడ్డు ముందు దింపాం. ఆయన మూట విప్పి, చిటికెడు నాలుక మీద వేసుకుని, జేబులోంచి ఓ చీటీ తీశాడు.

“వంటమాస్టరు చీటీలో కారమే పదిహేను కేజీలు రాశాడు చెల్లెమ్మా. ఎక్కడ తగ్గించాలా అని నిన్నట్నుంచి ఆ చీటీ పట్టుకుని కూర్చున్నా.”

“మిగిలింది పచ్చళ్ళు పెట్టించి షమాతో పంపన్నా” అన్నాను.

పెళ్ళి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా మైకులో చదివింపులు మొదలయ్యాయి. “వీరబాబు, అఖిల దంపతులు...” అని మైకాయన ఆగాడు. పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. “ముప్పై ఏడు కేజీల మిరపకారం!”

పందిరంతా గొల్లుమంది. మా ఆయన విస్తట్లోకి తల దించేశాడు. నా మొహమూ కందగడ్డయింది, అబద్ధమెందుకు.

హయాత్ అన్న గబగబా వచ్చి మైకు లాక్కున్నాడు. “నవ్వేవాళ్ళంతా చేతిలో ముక్క కింద పెట్టండి! ఆ కూరలో కారం మా బావ చేలోదే!”

ఒక్కరూ పెట్టలేదు. ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు గానీ ఆ నవ్వు వేరు. చదివింపుల వరసలో నిలబడ్డ మా ఊరి పేరయ్య చేతిలో కవరు మళ్ళీ జేబులో పెట్టుకుని, “నా పేరున రెండు బస్తాల బియ్యం రాయండి, రేపు పొద్దున దింపుతా!” అని అరిచాడు. మా ఆయన తల ఎత్తి ఇంకో గరిటె కూర వడ్డించమన్నాడు.

సాయంత్రం బస్సు దిగాక ఆయన ఇంటివైపు తిరగలేదు. తిన్నగా జక్రయ్య కొట్టుకెళ్ళి, చొక్కా లోపలి జేబులోంచి నోట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. “ఇదెక్కడిదీ?” అన్నాను.

“నిన్న తెచ్చానే. మరీ నవ్వుల పాలైతే అక్కడికక్కడే చదివిద్దామని...” అని నసిగాడు.

అరవడానికే నోరు తెరిచాను. ఆయన మొహం చూస్తే అరుపు రాలేదు, నవ్వొచ్చింది. జక్రయ్య పదివేలూ లెక్కపెట్టుకుని, “ఒకరోజు వడ్డీ పది రూపాయలమ్మా” అన్నాడు.

ఆ పదీ నా పర్సులోంచే తీసిచ్చాను. మా కాపురంలో నేను అంత సంతోషంగా కట్టిన వడ్డీ ఇంకోటి లేదు.