రెండు కంచాలు

గరిటెతో ఒక చుక్క పులుసు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకున్నాడు వంట మాస్టర్. ఉప్పు సరిపోయింది. పక్క గుండిగలో కూర ఇంకొంచెం ఉడకాలి. ఉప్పు చూసిన ఆ చుక్కలూ, తెల్లారినప్పటి నుంచి తాగిన టీలూ కలిపి భోజనం అయిపోయినట్టే అతని లెక్క. వండేవాడికి వాసనకే కడుపు నిండిపోతుందని తండ్రి అనేవాడు. ఆయనా వంటవాడే. మధ్యాహ్నం దాటితే ఆయనకూ చేతులు వణికేవి, ఎదురొచ్చిన వాళ్లమీద విరుచుకుపడేవాడు. అది వంశపు కోపమని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఏం వంశమో, ఏం పాడో!

మిల్లు క్యాంటీన్‌లో అందరూ చాటుగా అతన్ని మంట మాస్టర్ అంటారు, నవ్వుకుని ఊరుకుంటారు. ఊరుకోలేనిది ఇంట్లోవాళ్లే. భార్య ఉన్నన్నాళ్లూ అతని మాటలు పడి, జబ్బుచేసి పోయింది. కొడుకు వేరే ఊళ్లో కాపురం పెట్టి పలకరింపు కూడా మానేశాడు. మిగిలింది కూతురు. ఇదే క్యాంటీన్‌లో వడ్డిస్తుంది.

ఈమధ్య కోపం వెనకే దిగులు కూడా పట్టుకుంది. గిన్నెల గదిలో గోడవైపు తిరిగి ఏడ్చిన రోజులున్నాయి, ఎందుకో అతనికే తెలీదు. కూతురు డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. మందుల సంగతి తర్వాత, ముందు వేళకి తినమన్నాడాయన. వంటవాడికి తిండి గురించి చెప్పే డాక్టర్‌ని ఇప్పుడే చూశానని దారంతా నవ్వాడు మాస్టర్. కూతురు నవ్వలేదు.

అప్పటినుంచి వడ్డన మొదలవకముందే ఆమె రెండు కంచాల్లో అన్నం పెట్టి, మూతలు వేసి, బియ్యం బస్తాల పక్క బల్లమీద ఉంచుతోంది. తండ్రి తింటేనే తనూ తింటుంది. తిన్నరోజు అతను మనిషిలా మాట్లాడతాడు. ఎండ తగ్గింది కదా, అందుకే అనుకుంటాడు. మొన్న తినలేదు. అందరి ముందూ ఆమెను తిట్టాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతానని ఇంటికెళ్లాక ఆమె నెమ్మదిగానే చెప్పింది.

ఇవాళా వచ్చి పిలిచింది.

"రా నాన్నా. రెండు ముద్దలు తినేసి వెళ్దువుగాని."

"ఉప్పు చూశాలేమ్మా. ఆకలి లేదు."

ఆమె కంచాల మీద మూతలు సర్ది, వడ్డనకి వెళ్లిపోయింది.

మిల్లు జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. కూర అడుగంటింది. అతనికి చెవుల్లో హోరు, కళ్లముందు చీకట్లు. సరిగ్గా అప్పుడే, కూర అయిపోవచ్చిందని చెప్పడానికి కూతురు వచ్చింది.

"మీ అమ్మని తినేశావు. ఇక నన్ను తిను" అన్నాడు.

బల్లల దగ్గర అందరూ తినడం ఆపి చూశారు. ఆమె ఉన్న కూరనే అందరికీ సరిపెట్టి, చేతులు కడుక్కుంది.

జనం పల్చబడ్డాక అతను బస్తాల పక్కన కూలబడి ఒక కంచం మీద మూత తీశాడు. చల్లారిన అన్నం, అంచున ఒక గుడ్డు. సగం తినేసరికి చేతుల వణుకు తగ్గింది. కంచం ఖాళీ అయ్యేసరికి ఆ వంశపు కోపం వెతికినా దొరకలేదు. ఇంతేనా? భార్య పడ్డ మాటలన్నీ ఒక్క కంచం అన్నంతో పోయేవేనా? సిగ్గేసింది.

గిన్నెలు తోమే ముసలావిడని అడిగాడు, అమ్మాయేదని.

"అన్న దగ్గరికి వెళ్లిపోయిందయ్యా. పొద్దునే సంచి తెచ్చుకుంది. ఇవాళైనా తింటావేమోనని చూసింది పాపం."

అతను చెయ్యి కడుక్కోవడం మరిచి అలాగే కూర్చున్నాడు. పక్కన కూతురి కంచం, వేసిన మూత వేసినట్టే ఉంది.