మళ్ళీ పిండిముద్ద

"ఉప్పేసినావా పాపా?" అంది మా అత్త గంగమ్మ, వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

నేను చపాతీ పిండి కలిపినప్పుడల్లా పదకొండేళ్ళుగా ఆమె అడిగే ప్రశ్న ఇది. మొదట్లో ఒళ్ళు మండేది. ల్యాబులో మిల్లీగ్రాముల లెక్కన తూచినదాన్ని, చిటికెడు ఉప్పు మర్చిపోతానా అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మందు ఎక్కించిన వారమంతా ఆమె ఉప్పూ అడగదు, పప్పూ అడగదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. అడిగిందంటే ఆ రోజుకి మనిషి మాకు మిగిలినట్టు. "వేశానత్తా" అన్నాను.

నాలుగు నెలల క్రితం రిపోర్టు వచ్చిన రోజు నా భర్త శివశంకర్ నన్ను పడకగదిలోకి పిలిచి తలుపు వేశాడు. "అమ్మకి తెలియకూడదు సరితా. గడ్డ అని చెబుదాం, సూదులు వేస్తే కరుగుతుందని చెబుదాం. నువ్వు మేనేజ్ చెయ్" అన్నాడు. మామ గోవిందప్ప అయితే టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే "ఆడదానికి సెప్తే గుండె ఆగిపోతాది" అని తేల్చేశాడు. ఎవరి రొమ్ములో గడ్డ పుట్టి ఎముకల్లోకి పాకిందో ఆ మనిషిని వదిలేసి ఇంట్లో అందరం కలిసి నిర్ణయించేశాం. అందరం అంటున్నాను గానీ నన్నెవరూ అడగలేదు, అబద్ధం చెప్పే పని మాత్రం నాకు అప్పజెప్పారు. జుట్టు రాలితే మందు వేడి అన్నాను. వేళ్ళు మొద్దుబారితే నీరసం అన్నాను. ఆమె ఎదురుగా ఏదైనా చెప్పాల్సి వస్తే శివ నాతో ఇంగ్లీషులోకి మారిపోయేవాడు. కారులో, డాక్టర్ గదిలో, భోజనాల దగ్గర కూడా అంతే. ధర్మవరంలో ఐదో తరగతితో చదువు ఆగిన మనిషికి ఏం అర్థమవుతుందిలే అని ఆయన ధీమా.

ఆ రిపోర్టులోని క్యాన్సర్ కణాలు నాకు కొత్త కాదు. గచ్చిబౌలిలో యూనివర్సిటీలో మూడేళ్ళు నేను పీహెచ్‌డీ చేసింది వాటి మీదే. చిన్ను పుట్టినప్పుడు ఆరు నెలలు సెలవు పెట్టాను. ఆ ఆరు నెలలు ఇంకా పూర్తి కాలేదు, వాడికి పదకొండేళ్ళు వచ్చాయి. "కంటికి కనపడనివాటిని సూసుకుంటా కూచుంటే పిల్లోన్ని ఎవరు సూస్తారు?" అని అప్పుడు అత్తే అంది. "నీ పనిదేముంది, ఎప్పుడైనా చేసుకోవచ్చు. నాకైతే సాఫ్ట్‌వేర్ రిలీజ్ డేట్లుంటాయి" అన్నాడు శివ. చిన్నుకి ట్యూషన్ టీచర్నయ్యాను, మామకి బీపీ చూసే నర్సునయ్యాను, శివ ఆఫీసు వాళ్ళు వస్తే వంటమనిషినయ్యాను. "సరితని ఎక్కడ పెడితే అక్కడ ఇమిడిపోతుంది" అని ఆయన నలుగురిలో మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను. సిగ్గులేకుండా సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు డాక్టర్‌ని నేనొక ప్రశ్న అడగబోతే ఆయన టేబుల్ కింద నా చెయ్యి నొక్కుతాడు.

అవన్నీ ఎలాగో మింగేశాను. మింగుడు పడనిది ఒకటే. గృహప్రవేశం, చిన్ను పరీక్షలు, మామ కంటి ఆపరేషన్ అయ్యేదాకా అని ఆమె ఎనిమిది నెలలు ఆ గడ్డని పైట కింద దాచుకుని తిరిగింది. ఆ ఎనిమిది నెలల్లో ఎన్నోసార్లు తలంటు పోసినప్పుడు ఆమె వీపు రుద్దింది నేనే. మూడేళ్ళు ఆ కణాలతోనే బతికినదాన్ని, అవి నా ఇంట్లో, నా చేతి కిందే పెరుగుతుంటే కనిపెట్టలేదు.

ఉప్పు సంగతి అడిగిన ఆ సాయంత్రం శివ హాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నాడు. మామ కిందికి నడకకి వెళ్ళాడు. అత్త నా చేతుల వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"స్టేజీలు మొత్తం ఎన్నుంటాయి పాపా?"

నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"స్టేజ్ ఫోర్, స్టేజ్ ఫోర్ అంటాడు కదా వాడు. నాలుగు అయినాక అయిదు ఉంటాదా?"

"లేదత్తా. నాలుగే."

"ఊ" అంది. కిటికీలోంచి ఖాజాగూడ రాళ్ళ మీద పడుతున్న ఎండని కాసేపు చూసింది. "అయితే నిజం సెప్పు. నువ్వు సదివింది దీన్నే కదా. నా ఒంట్లో ఏం జరుగుతాంది? కొడుకు సెప్పడు, మొగుడు సెప్పడు. సచ్చేది నేను కదమ్మా."

చెబితే ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. చెప్పకపోతే ఇంతమంది మధ్య ఆమె ఒంటరిగా పోతుంది. చేతిలో ఉన్న పిండి ముద్దనే ఎత్తి చూపించాను.

"ఇది పిండి కదా. దీన్ని చపాతీ చెయ్యొచ్చు, పూరీ చెయ్యొచ్చు. కడుపులో బిడ్డ మొదట్లో ఇట్లాంటి కణాలతోనే ఉంటుంది. మూలకణాలంటారు, ఏదైనా కాగలవు. తర్వాత కొన్ని చర్మమవుతాయి, కొన్ని ఎముకవుతాయి, కొన్ని పాలు తయారుచేసేవవుతాయి. అంటే రొట్టెగా కాలినట్టు. ఇక దాని పని అది చేసుకుంటుంది, దాని రోజులు నిండితే పోతుంది."

"కాల్చింది మళ్ళా పిండి కాదు కదా."

"కాకూడదు. నీ ఒంట్లో అట్లా అయింది. అవి తమ పని మర్చిపోయి వెనక్కి నడిచాయి. పూర్తిగా పిండి కావు గానీ పిండి గుణాలు తెచ్చుకున్నాయి. ఎంతైనా పెరుగుతాయి, ఎక్కడ పడితే అక్కడ ఇమిడిపోతాయి. మందుకి చాలా చస్తాయి, కొన్ని తీరు మార్చుకుని దాక్కుంటాయి. మళ్ళీ వాటి నుంచే మొదలవుతుంది."

మర్చిపోయాననుకున్న పాఠం ఒక్కొక్క మాటా వరసగా వచ్చింది. ఒక మనిషికి ఆమె చావు గురించి చెబుతూ నేను మళ్ళీ నేనైనట్టు అనిపించింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"వాటికి పాత పని గుర్తు చేసే మందు లేదా?"

మా సెమినార్లలో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. "ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఉంది. నీ దానికి లేదత్తా."

ఆమె ఏడవలేదు. చెయ్యి చాపి నా చేతిలోని ముద్ద తీసుకుంది. ధర్మవరం మగ్గాల దగ్గర ముప్పై ఏళ్ళు పట్టు పోగులు ఒక్కొక్కటీ అతికిన వేళ్ళవి. ఇప్పుడు ముద్ద మెత్తగా ఉందో గట్టిగా ఉందో కూడా వాటికి తెలియడం లేదు. ఊరికే నొక్కుతూ కూర్చుంది.

"నువ్వు మా ఇంటికి రొట్టెగా అయ్యే వచ్చినావు పాపా," అంది. "మేమే నిన్ను మళ్ళా పిండి చేసి, ఎవరికి కావాల్సినట్ల వాళ్ళు ఒత్తుకుంటిమి. అందరికన్నా ముందు నేనే మొదలుపెడ్తి."

పదకొండేళ్ళుగా నేను ఆ మాట వినాలనుకున్నది శివ నోటి నుంచి. పిండి అంటిన చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మీ ల్యాబు మేడమ్ ఇంకా ఉందా ఆడ? రేపు ఫోన్ చెయ్. నా ముందర్నే చెయ్, నేను వినాల."

మంగళవారం డాక్టర్ ఫైలు తెరిచి శివతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "తెలుగులోనే సెప్పండి సారూ," అంది అత్త. "నా కోడలు నాకంతా సెప్పింది." శివ నా వైపు తిరిగాడు. డాక్టర్ ఇంకో మందు ఉందనీ, ఆరుసార్లు ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చనీ చెప్పాడు. "ఆ నెలలు మంచంలోనా, కుర్చీలోనా?" అని అడిగింది. మంచంలోనే ఎక్కువ అని ఆయన ఒప్పుకున్నాడు. "అయితే వద్దు. నొప్పికి మాత్రం ఇయ్యండి."

ఇంటికొచ్చాక శివ చెప్పులు విడవకుండానే అరిచాడు. "నిన్నెవరు చెప్పమన్నారు? ఇంట్లో ఒక్కటైనా చెప్పినట్టు చెయ్యలేవా?" పెళ్ళైనప్పటి నుంచీ చెప్పినట్టు చేసినవన్నీ నాకు గుర్తొచ్చాయి. అత్తే సమాధానం చెప్పింది. "దాన్నేమనద్దురా. ఈ ఇంట్లో నన్ను మనిషిగా సూసింది అదొక్కతే."

తర్వాత ముప్పై ఎనిమిది రోజులు ఆమె కుర్చీలో కూర్చుంది. మూడు రోజులే మంచం మీద ఉంది.

దినాలు అయిపోయాయి. వచ్చిన బంధువులు వెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం శివ వంటింట్లోకి వచ్చి, గుమ్మం దగ్గరి కుర్చీని పక్కకి జరిపి నిలబడ్డాడు. "ఇక నాన్న తిండి టైముకి జరగాలి. అమ్మ లేదు కదా, నువ్వే చూసుకోవాలి. ఎట్లాగూ ఇంట్లోనే ఉంటావు" అన్నాడు, మెత్తగానే.

"రేపటి నుంచి ల్యాబుకి వెళ్తున్నాను" అన్నాను. "అసిస్టెంట్‌గా తీసుకున్నారు. అత్త ఉన్నప్పుడే, ఆమె ఎదురుగానే ఫోన్ చేసి మాట్లాడాను."

"మరి నాన్నకి రొట్టెలు?" అన్నాడు ఆయన.

కుర్చీని మళ్ళీ దాని చోట పెట్టాను. "పిండి డబ్బాలో ఉంది" అన్నాను. "కలిపేటప్పుడు ఉప్పు మర్చిపోకండి."

అన్నాక గానీ అది ఎవరి మాటో నాకు తట్టలేదు. ఆమె పోయిన రోజు రాని ఏడుపు, అప్పుడొచ్చింది.