రత్నమాంబ పేరున్న డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. నా ఒంటిమీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో "డి. రత్నమాంబ" అని ఉంటుంది. ఏ ఫ్యాక్టరీలో తయారయ్యానో గుర్తులేదు. నరసాపురం స్టీలు కొట్టులో ఆ పేరు కొట్టిన రోజే పుట్టాననుకుంటాను. బంధువుల్లో ఎవరింట పెళ్లయినా రత్నమాంబ ఓ డబ్బా చదివిస్తుంది. దానిమీద పుచ్చుకున్నవాళ్ల పేరు కాదు, తన పేరే కొట్టిస్తుంది.

ఎందుకని అడిగితే, "రేపు నేను పోయినా మీ వంటింట్లో ఉండొద్దూ?" అంటుంది.

నన్ను మేనల్లుడు గోవర్ధనం పెళ్లికి చదివించింది. అతని భార్య సుభాషిణిది లేసుల వ్యాపారం. ఊళ్లో ఆడవాళ్లు అల్లిన లేసుల్ని పైదేశాల బట్టల కంపెనీలకు అమ్ముతుంది. ఎక్కడికెళ్లినా నా నిండా సున్నుండలు పెట్టుకుని మరీ వెళ్తుంది. "మీ పేరు విమానమెక్కిస్తున్నానండీ అత్తయ్యగారూ!" అని వేళాకోళం.

ఈసారి ఢాకా వెళ్లాం. మేం దిగిన మర్నాడే ఊరు భగ్గుమంది. జనం ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఇంటర్నెట్ ఆగిపోయింది, కర్ఫ్యూ అన్నారు. హోటలుకు తిరిగొస్తుంటే మా రిక్షా ఎదుటే గుంపు చెదిరింది. పొగ, పరుగులు, ఎక్కణ్ణుంచో రాళ్లు! రిక్షా బోల్తాపడింది. పాస్‌పోర్టు, ఫోను ఉన్న హ్యాండ్‌బ్యాగు ఎటు పోయిందో! సుభాషిణి గుండెలకు అదుముకున్న నేనొక్కదాన్నే మిగిలాను. అదీ సొట్టపడి, మూత బిగుసుకుపోయి.

రిక్షా అతనే మమ్మల్ని ఆసుపత్రిలో చేర్చాడు. ఆమెకు స్పృహ లేదు. తలకూ ముఖానికీ కట్లు. సల్మా అనే నర్సు నన్ను అటూ ఇటూ తిప్పి, నామీది పేరు కూడబలుక్కుని చదివింది. అంతే, సుభాషిణి రత్నమాంబ అయిపోయింది! "రొత్నమాంబా ఆపా" అని, అక్కా అన్నట్టు, ఒకటే పిలుపు. మగతలో ఉన్న మనిషి తనది కాని పేరుకు పలుకుతుందా? అక్కడ గోవర్ధనం సుభాషిణి కోసం ఫోన్లమీద ఫోన్లు చేస్తుంటాడు. ఇక్కడేమో ఆ పేరుగల మనిషే లేదు! నాకు నోరుంటే ఆ వార్డు దద్దరిల్లేలా అరిచేదాన్ని.

కర్ఫ్యూ సడలించిన ఒక సాయంత్రం ఒకాయన రొప్పుతూ వార్డులోకి వచ్చాడు. పేరు భానోజీ, విజయనగరం మనిషి. ఢాకాలో అద్దకం ఫ్యాక్టరీలో ఉద్యోగం. గోవర్ధనం వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఆయన్ని వెతికించాడట. ఆయన బెంగాలీలో ఏదో అడిగాడు. నాకు "సుభాషిణి" ఒక్కటే తెలిసింది. సల్మా తల అడ్డంగా ఊపి, మంచంకేసి చూపించి, "రొత్నమాంబా" అంది.

ఆయన వెనక్కి తిరిగాడు! గుమ్మం దాకా వెళ్లిపోయాడు! అక్కడ ఆగి ఫోను కలిపాడు.

"ఇక్కడా నేదండీ బాబూ. ఇండియా ఆవిడొకరున్నారు గానీ, పేరు రత్నమాంబట."

అవతల గోవర్ధనం వేసిన కేక మంచం పక్క బల్లమీదున్న నాదాకా వినపడింది.

"రత్నమాంబా? మా అత్త నా పక్కనే కూర్చుని ఏడుస్తుందండీ! బాబ్బాబూ, అక్కడ స్టీలు డబ్బా ఏదైనా ఉందేమో చూడండి!"

"మనిషి కోసం ఎతుకుతుంటే డబ్బా ఏటండీ?"

"ముందు డబ్బా చూడండీ!"

భానోజీ చూపు నామీద పడింది. ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చి వంగాడు.

"సుభాషిణమ్మా!"

కట్టు కింద కన్ను మెల్లగా తెరుచుకుంది.

"ఆయ్" అంది ఆమె.

ఫోనులో గోవర్ధనం ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక నా మూత ఊడదీయడానికి గోవర్ధనానికి చెమటలు పట్టాయి. సున్నుండలు మళ్లీ పిండయిపోయాయి. సుభాషిణి నన్ను స్టీలు కొట్టుకు తీసుకెళ్లింది.

"ఈ పేరు కింద నా పేరు కొట్టు."

"పాతది చెరిపెయ్యమంటారాండీ?"

"అమ్మో! వద్దు."

రత్నమాంబ నన్ను చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని చూసింది. "నా పేరు చూసి నవ్వారుగా!" అని ఊరంతటికీ చెప్పుకుంటున్న మనిషి, అప్పుడు మాత్రం రెండు పేర్లనూ పమిటచెంగుతో తుడిచింది. తర్వాత అంది:

"నీ అక్షరాలు నావాటికన్నా పెద్దవిగా కొట్టించావేంటే అమ్మాయ్!"

ఇప్పుడు నామీద రెండు పేర్లు. ఏ పేరుతో పిలిచినా పలికే మనుషులున్నారు.