ఈ ఏడు రాయి ఎటు పోతాంది?

ఆదోని పత్తి మార్కెట్ వెనక వీధిలో, నాగేశ్వరయ్య శెట్టి దుకాణం మేడమీద రెండు బీరువాలు, ఒక ఫ్యాను, ఏడు కుర్చీలు ఉన్నాయి. ఆదోని తాలూకా చరిత్ర సంఘం అంటే అదే. కాగితం మీద సభ్యులు పంతొమ్మిది మంది, నెలనెలా వచ్చేది ముగ్గురు. ఉగాది మీటింగుకు మాత్రం ఓళిగలు పెడతారని తెలిసి పదిమంది దాకా వస్తారు. ఓళిగలు అయిపోగానే వాళ్లకు పనులు గుర్తొస్తాయి.

ఆ ముగ్గురిలో మొదటివాడు అధ్యక్షుడు నాగేశ్వరయ్య. పత్తి వ్యాపారం కొడుక్కి అప్పగించి చరిత్ర పిచ్చిలో పడ్డాడు. రెండో మనిషి ఎల్లప్ప, సర్వేవాళ్ల దగ్గర గొలుసు లాగి లాగి రిటైరయ్యాడు. మూడో మనిషి కార్యదర్శి మహాదేవి. ఎమ్మిగనూరు హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పింది. ఒక్క తారీఖు తప్పు రాసినా వారం రోజులు అన్నం సయించని మనిషి. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్నే టిఫిన్ బాక్సు సర్దుకుని ఆదోని బస్సెక్కేస్తుంది.

ముగ్గురూ ఒక ఆటో మాట్లాడుకుని హొళగుంద దోవలో ఉన్న కొత్తకొట్టాలకు పోతారు. అక్కడ చేలో శాసనం రాయి ఉంది. రొమ్ము ఎత్తు రాయి, తొమ్మిది వరసల అక్షరాలు. ఎవరో మహానుభావుడు ఎవరికో జాగా ఇచ్చిన సంగతి. ఇచ్చినవాడి పేరు నిక్షేపంగా ఉంది, పుచ్చుకున్న మనిషి పేరు దగ్గరే పెచ్చు ఊడిపోయింది. ఎల్లప్ప టేపు పట్టి కొలిచి అంకె చెబుతాడు, మహాదేవి రాసుకుంటుంది. ప్రతి నెలా కొలవాల్సిందే. రాయి నడుస్తుంది కదా మరి.

నెలకు నాలుగైదడుగులు నడుస్తుంది. విత్తనం వేసేటప్పుడు రైతు దాని దోవ వదిలి సాలు తోలుకుంటాడు. ఒక ఏడు హొళగుంద వైపు పోతే, మరుసటేడు ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వస్తుంది. 'ఈ ఏడు రాయి ఎటు పోతాంది?' అని గొర్రెలకాపర్లు వాన సంగతి అడిగినట్టే అడుగుతారు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు.

పోయిన ఉగాదికి నాగేశ్వరయ్యకు ఒక దిగులు పట్టుకుంది. ఏ పుణ్యాత్ముడో దాన్ని ఎత్తుకుపోయి బట్టలుతికే బండ చేసుకుంటే?

"సర్కారోళ్ల చేత బోర్డు పెట్టిద్దాం మహాదేవమ్మా. నువ్వైతే బాగ రాస్తావు" అన్నాడు.

మహాదేవి నాలుగు పేజీల అర్జీ రాసింది. రాయి ఎత్తు, వెడల్పు, లిపి, కాలం, రోడ్డుకు ఎంత దూరం, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో పెట్టింది. రాయి నడుస్తుందన్న ఒక్క ముక్క మాత్రం రాయలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి అర్జీలో ఎవరు రాస్తారు చెప్పండి?

శ్రావణమాసంలో జవాబు వచ్చింది. మాఘంలో అధికారి వచ్చి చూస్తాడట. రాయికి రక్షణ ఇస్తే చుట్టూ వంద మీటర్ల లోపల కొత్త గోడ లేవకూడదట. నాగేశ్వరయ్య ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకుని అందరికీ టీ తెప్పించాడు. మహాదేవి టీ చల్లారిపోయింది. ఆ చేను పక్కన రేకుల కొట్టంలో ఉండే భీమక్క ఆమెకు గుర్తొచ్చింది.

భీమక్క పత్తి తీతకూ ఉల్లిగడ్డల కోతకూ కూలికి పోతుంది. మొగుడు లేడు. కూతురు ప్రమీల, తను. పదకొండేళ్లు తిరగ్గా తిరగ్గా ఈ ఏడు పక్కా ఇల్లు శాంక్షన్ అయింది. మేస్త్రీ జోయల్ పునాది తవ్వేశాడు కూడా. మహాదేవి పరుగున పోయి చూసేసరికి గ్రామ సచివాలయం ఇంజనీరు అప్పటికే వచ్చి పని ఆపించి పోయాడు. మాఘంలో కొలత అయ్యేదాకా ఇటుక పెట్టొద్దన్నాడట. వంద మీటర్ల బయట ఉంటే కట్టుకోవచ్చు, లోపల పడితే జాబితాలో పేరు కొట్టేస్తారు.

"ఎవరో అర్జీ రాసినారంట టీచరమ్మా. రాయిని కాపాడాలంట" అంది భీమక్క, చెంబుతో నీళ్లిస్తూ. "రాయిని నేనేమన్నా తింటానా? సెప్పు."

మహాదేవి నీళ్లు గడగడా తాగింది. నేనే రాశానని చెప్పలేకపోయింది.

వెంట వచ్చిన ఎల్లప్ప రాయి దగ్గర్నుంచి పునాది దాకా టేపు పరిచాడు. "మూడు వందల యాభై రెండడుగులు. వంద మీటర్లంటే మూడు వందల ఇరవై ఎనిమిది" అన్నాడు. తర్వాత రాయి నడిచిన దోవలో నేల మీద పడిన గీతను చూసి గొంతు తగ్గించాడు. "ఈ ఏడు ఇది సక్కగా ఆయమ్మ ఇంటికే పోతాండాది మేడమ్."

అప్పట్నుంచి మహాదేవికి నెలకోసారి చూస్తే సరిపోలేదు. ప్రతి ఆదివారం బస్సెక్కింది. అర్జీ వెనక్కి తీసుకుంటామని సంఘం తరఫున రాసింది. ఫైలు పైకి పోయింది, ఇంక మా చేతుల్లో లేదన్నారు. దసరాకు పత్తి బేళ్ల మోకు తెచ్చి రాయిని వేపమొద్దుకు కట్టారు. వారం తిరిగేసరికి మోకు తెగి పడి ఉంది, రాయి రెండడుగులు ముందే ఉంది. కార్తీకంలో ఎల్లప్ప ఇంకో ఉపాయం చెప్పాడు. పదిమందిని పెట్టి, గడ్డపారలేసి, రాయి మొఖాన్ని హొళగుంద వైపు తిప్పారు. అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. భీమక్క ఇంటివైపే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టుంది మన బతుకు" అన్నాడు నాగేశ్వరయ్య. ఆయన ముఖంలో దిగులు కంటే రాయి మీద మురిపెమే ఎక్కువ కనిపించింది. మహాదేవికి ఒళ్లు మండింది. మండినా ఏమంటుంది? కలం పట్టింది తనే.

పునాది గుంతల్లో వాన నీళ్లు నిలిచాయి, ఎండాయి, మళ్లీ నిలిచాయి. ఒక గొర్రెపిల్ల పడి కాలు విరగ్గొట్టుకుంది. కొట్టం వెనక గోడ ఒరిగిపోతే ప్రమీల చీర అడ్డం కట్టింది. టేపు మీద అంకె మూడు వందల ముప్పై ఎనిమిదైంది, ముప్పై మూడైంది.

పుష్యంలో ఒక రోజు మహాదేవి ఒక్కతే పోయింది. భీమక్క చేలో పత్తి తీస్తోంది. మహాదేవి కూడా ఆ సాలులోనే నిలబడింది.

"భీమక్కా, ఆ అర్జీ రాసింది నేనే."

భీమక్క చేయి ఆగలేదు. రెండు చెట్లు దాటాక అడిగింది. "నా కొట్టం ఈడుందని నీకు తెల్దా?"

"తెలుసు."

"రాయి నడుస్తాదని తెల్దా?"

"తెలుసు."

"రెండూ తెలిసి ఎట్ల రాస్తివి?"

అర్జీ రాసిన నాలుగు రోజులూ మహాదేవి కళ్ల ముందు రాయి తప్ప ఏమీ లేదు. ఆ చుట్టూ మనుషులున్నారన్న ధ్యాసే లేదు. సిగ్గుతో తల వంచుకుని బస్టాపుకు నడిచింది. భీమక్క వెనక్కి పిలవలేదు.

మాఘంలో అధికారి వచ్చే ముందు ఆదివారం కొలిస్తే మూడు వందల ఇరవై తొమ్మిది. ఇంకొక్క అడుగు. ఆ వారమంతా మహాదేవి మెతుకు ముట్టింది లేదు.

గురువారం పదిగంటలకు జీపు వచ్చింది. అధికారి కుర్రవాడే, చేతిలో ఏదో కొలిచే యంత్రం. "రాయి ఎక్కడండీ?" అన్నాడు.

రాయి లేదు. అది ఉన్న చోట గుంత ఉంది. గుంత దగ్గర్నుంచి చేల మీదుగా కొత్త గీత తిన్నగా పోయి ఉంది. నెలకు ఐదడుగులు నడిచే రాయి నాలుగు రోజుల్లో మూడు వందల పైచిలుకు అడుగులు నడిచింది. ముగ్గురూ ఆ గీతను కళ్లతోనే పట్టుకుని పోయారు. అది భీమక్క పునాదిలోకి దిగింది. వాకిలి కోసం జోయల్ వదిలిన సందులో, అక్షరాలు కిందికి పెట్టి, రాయి బోర్లా పడుకుని ఉంది. మట్టం చూసి పరిచినట్టు ఒక్క వేలు కూడా ఎగుడుదిగుడు లేదు.

అధికారి యంత్రంలో చూసుకుంటూ అటే నడిచాడు. ఎండకు తాళలేక దాని మీదే నిలబడి భీమక్కను నీళ్లడిగాడు. తాగి, కాలికింద చూసుకుని, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"గడప సార్" అంది భీమక్క.

ఆయన మహాదేవి వైపు తిరిగాడు. "అర్జీ మీరే కదా రాసింది. రాయి ఎక్కడుందో మీరే చెప్పండి మేడమ్."

నాగేశ్వరయ్య ఆమెనే చూస్తున్నాడు. పద్నాలుగేళ్లుగా ఆ రాయే ఆయనకు పండగ. ఆమెకు మాత్రం కాదా? బడి అయిపోయాక, ఇల్లు ఖాళీ అయిపోయాక, ఆమెను ఆదివారం లేపి బస్సెక్కించింది ఆ రాయే. మహాదేవి ఈసారి ఒరిగిన గోడను చూసింది, అడ్డంగా కట్టిన చీరను చూసింది, దాని వెనక నిలబడ్డ ప్రమీలను చూసింది.

"నేను రాసిన చోట రాయి లేదు సార్" అంది.

"అయితే అదే రాసిచ్చేయండి. కానీ ఫైలు మూసేస్తే మళ్లీ తెరవరు, చూసుకోండి."

మహాదేవి జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఒక్క వాక్యం రాసింది. సంతకం చేసి తారీఖు వేసింది. జీపు వెళ్లిపోయింది.

నాగేశ్వరయ్య ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. "ఇంక మనం యాడికి పోవల్లమ్మా ఆదివారం?" అన్నాడు పసిపిల్లాడిలా. ఎల్లప్ప టేపు చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపి, ఆయన పక్కనే కూర్చున్నాడు.

భీమక్క ఎవరినీ ఓదార్చలేదు. ప్రమీలను పంపి జోయల్‌ను పిలిపించింది. వాళ్ల మనసు మారకముందే, రాయి మనసు మారకముందే, ఒక్క వరసైనా లేపెయ్యమంది. జోయల్ మేకుకు దారం కట్టి, రెండో కొస పట్టుకునేవాళ్ల కోసం చుట్టూ చూశాడు.

"టీచరమ్మా, ఆ కొస నువ్వు పట్టుకో" అంది భీమక్క.

మహాదేవి చెప్పులు విడిచి పునాది గుంతలోకి దిగింది. రాయికి ఇవతల మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో దారం బిగించి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"ఇంకొంచెం కిందికి పట్టమ్మా" అన్నాడు జోయల్.

ఆమె దారం కిందికి దించింది. జోయల్ సిమెంటు పరిచి, రాయి పక్కన మొదటి ఇటుక పెట్టాడు.