దయ్యం వెనకాల పుల్లన్న

ఆత్మకూరులో కంబన్న స్టూడియోకు వెళ్లి గోడల మీది ఫోటోలు చూస్తే దయ్యాలకు కొదవ లేదు, కొదవంతా మనుషులకే. కొత్తల్లుడి బింకంతో కొరివిదయ్యాలు, పీట మీద పెళ్లికొడుకుల్లా బేతాళులు, కోరలు బయటపెట్టి మరీ ముసిముసిగా నవ్వే రాక్షసులు. అంతా ఊళ్లోవాళ్లే. ఎడమ చివర కొరివిదయ్యం నూనెమిల్లు గుమాస్తా. కుడి చివర బ్రహ్మరాక్షసుడు బడిపంతులు. "ఆయప్పకు వేసమెందుకేసినావు కంబన్నా, మసి దండగ!" అని పిల్లల తండ్రులు ఎకసెక్కాలాడేవాళ్లు.

స్టూడియో అంటే గొప్పగా ఊహించుకోవద్దు. అది కంబన్న కాపురముండే మట్టిమిద్దే. పడసాల మధ్యన పైకప్పుకు గవాచి ఉంది. వంటపొగ పైకి పోవడానికి, ఎండ కిందికి రావడానికి పెద్దలు పెట్టిన కంత అది. పొగను పెరట్లోకి తరిమేసి ఎండను మాత్రం కంబన్న ఉంచుకున్నాడు. గవాచి కింద ఒక ముక్కాలిపీట. పీట వెనక పాతపంచె మీద శ్మశానం. దాన్ని గీసింది ఆయన భార్య హులిగెమ్మ. గీసేటప్పుడు చేయి ఊరుకోక సమాధుల చుట్టూ ముగ్గు కూడా పెట్టింది. ఎదురుగా మూడుకాళ్ల కెమెరా. దాని మీద నల్లటి కంబళిముక్క. "కంబన్న కంబళి కప్పినాడంటే కెమెరా కదలదు, కూసున్నోడు మెదలడు" అని తన మీద తనే చెణుకు విసురుకునేవాడు. నోరు ఊరుకోని మనిషి. మాట దొరికితే దాన్ని రెండుగా చీల్చి, ఎదుటివాడి రెండు చెవుల్లోనూ దోపేదాకా వదిలేవాడు కాదు.

ఈ దయ్యాల బేరం సరదాకు పుట్టింది కాదు, ఆకలికి పుట్టింది. కర్నూలులో పని నేర్చుకుని సొంతవూరికి వచ్చి కెమెరా నిలబెడితే ఒక్కడూ కూర్చోలేదు. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడ డేరాల్లో కాపురముండే సర్కారు గుమాస్తాలు సైతం జుట్టు దువ్వుకుని వరసకట్టి ఫోటోలు దిగుతున్నారట. ఇక్కడ మాత్రం ఊరంతా ఒకే పాట: "పోటో తీస్తే ఆయుస్సు తగ్గుతాదంట గదా!" కంబన్న ఎన్ని విధాల చెప్పినా ఆ మాట పోలేదు. ఎవరో కట్టిన కొత్తమిద్దె మీద కోరల దిష్టిబొమ్మను చూసిన రోజున ఆయన బుర్రలో దీపం వెలిగింది.

"ఏమప్పా, మిద్దెకు దిష్టిబొమ్మ కడతాండారు గదా, మిద్దె కంటే మీ మొగం అగ్గువనా?" అని సంతలో నిలబడి అడిగాడు. "మొగానికీ ఒక బొమ్మ కట్టుకోండి. దయ్యం వేసంలో కూసుంటే కెమెరా ఆ దయ్యం ఆయుస్సునే మింగుతాది. దయ్యానికి ఆయుస్సు యాడుండాది? సచ్చినంకనే గదా అది పుట్టేది!"

కాదనడానికి ఎవరికీ దారి కనపడలేదు. కొమ్ములు పెట్టాక సొమ్ములొచ్చాయి. హులిగెమ్మ జనపనారతో జడలు అల్లింది, గుమ్మడిగింజలతో పళ్లు గుచ్చింది, ఎర్రగుడ్డతో నాలుకలు కుట్టింది. "దయ్యంలోనే దయ ఉండాదే, సూసినావా!" అని కంబన్న మురిసిపోతే, "జొన్నలు గూడా ఉండాయి, పోయి తెచ్చుకో" అనేది.

గిడ్డమ్మ తన కొడుకు పుల్లన్నను వెంటబెట్టుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. పుల్లన్న మీసం మొలిచిన కుర్రవాడు. నల్లమలకు బండి తోలి వెదురుబొంగులు తెచ్చేవాడు. వాడికి ముందు పుట్టినవాళ్లు గిడ్డమ్మకు దక్కలేదు. అందుకని వీడు పుట్టగానే ఎంగిలి విస్తళ్లలో పొర్లించి, ఇది పారేసే చెత్తేనని చావుకు నమ్మబలికి, ఆ పుల్లాకుల పేరే వాడికి పెట్టుకుంది. అలాంటి తల్లి కొడుకును కెమెరా ముందు ఊరికే కూర్చోబెడుతుందా? ఫోటో కావాలని పోరుపెట్టింది పుల్లన్న. మొగం కనపడకూడదని పట్టుబట్టింది గిడ్డమ్మ.

మొదట గుడ్డముసుగు తొడిగారు. కంబన్న కెమెరా మూత తీసేసరికి, తన వెనక ముగ్గులు పెట్టిన శ్మశానం గుర్తొచ్చి పుల్లన్న పకపకా నవ్వాడు. ముసుగు జారి మెడలో పడింది.

"సెడిపోయ!" అన్నాడు కంబన్న.

"ముసుగైతే జారుతాది కంబన్నా, మసైతే జారదు. మసి పూయి" అంది గిడ్డమ్మ.

లాంతరుమసిని ఆముదంలో కలిపి కంబన్న పూయడం మొదలుపెట్టాడు. గిడ్డమ్మ పక్కనే నిలబడి, "ఈ గదవ కింద సూడప్పా, ఇంకా కనపడతాండాది. చెవుల ఎనక గూడా పూయి" అని కొడుకు గడ్డం పైకెత్తి చూపిస్తూ పోయింది. చివరికి తనే వేలు ముంచి కొడుకు కనురెప్పల మీద రాసింది.

"అమ్మా, నన్ను దయ్యాన్ని చేస్తాండావా, దోసెపెనాన్ని చేస్తాండావా?" అన్నాడు పుల్లన్న.

"పెనమైతే ఒగపక్కే నలుపు నాయనా. నీకు సుట్టూతా!" అన్నాడు కంబన్న.

ఈసారి ఫోటో బ్రహ్మాండంగా కుదిరింది. కొమ్ములు, కోరలు, వేలాడే నాలుక. నలుపులో తెల్లటి రెండు కనుగుడ్లు. కన్నతల్లి కూడా పోల్చుకోలేని దయ్యం. అదే కంబన్న గొప్పగా చెప్పుకున్న మాట. కన్నతల్లి కూడా తృప్తిగా తలూపింది.

వానలు వెలిశాక పుల్లన్న బొంగులకని అడవికి పోయాడు. అడవిజ్వరం తగిలింది. తోడు పోయినవాళ్లు వాడి బండిలోనే వాడిని పడుకోబెట్టి తెచ్చారు. ఊరు చేరేసరికి వాడు లేడు. భూతం వేషం కట్టినవాడు భూతకాలమైపోయాడు. అలాంటి మాట కంబన్న నాలుక చివరిదాకా వచ్చింది. మొదటిసారిగా ఆయన దాన్ని మింగాడు.

పెద్దల అమావాస్య దాటాక గిడ్డమ్మ వచ్చింది. చంకలో కొంగు కప్పిన పటం ఉంది.

"కంబన్నా, మసి తుడుస్తావా?"

"పటం మింద మసి పడిందా అక్కా? ఇట్ల తే."

"పటం మింద గాదప్పా. వాని మొగం మింద."

కంబన్న చేయి సగంలో ఆగిపోయింది.

"నువ్వే గదా పూసినావు. పూసినోనికి తుడిసేది రాదా?" అంది గిడ్డమ్మ. నిష్టూరం కాదు అది. బట్ట కుట్టినవాడిని కుట్లు విప్పమని అడిగినట్టు అడిగింది. "నీళ్లు పెడితే పోతాదేమోనని నేనే తుడుద్దామనుకుంటి. పాడైతాదేమోనని భయపడితి."

"అది... వచ్చేది గాదక్కా."

"మసి కింద వాడుండాడు గదా?"

"ఉండాడు."

"మరి?"

కంబన్న ముక్కాలిపీటను ఆమె వైపు జరిపాడు.

గిడ్డమ్మ పీట మీద కూర్చుంది. "మొన్నటిదాంక కండ్లు మూసుకుంటే వాని మొగం వస్తాండె. అన్నం తినేటిది, బండి కట్టేటిది, అన్నీ అగుపడతాండె. ఈ పటం ఎదురుగ్గోడకు తగిలించుకున్న్యా గదా, పొద్దుగూకులూ ఇదే సూస్తాంటి. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఈ కొమ్ములోడే వస్తాండాడప్పా. నా కొడుకును ఎనక్కి తోసి వీడే ముందరికొస్తాండాడు. రోంత తుడిసియ్యి. మొత్తం మర్సిపోకముందే తుడిసియ్యి."

"సూస్తానక్కా" అన్నాడు కంబన్న.

ఆమె వెళ్లగానే హులిగెమ్మ పెరట్లోంచి వచ్చింది. "ఏం సూస్తావయ్యా? ఏముండాదని సూస్తావు?"

"ఇంగేం సెప్పమంటావే?"

కంబన్న పెట్టె తెరిచి ఆ ఫోటో తాలూకు గాజుప్లేటు తీసి గవాచి వెలుతురుకు పట్టాడు. ప్లేటు మీద లోకం తారుమారుగా ఉంటుంది. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా. మసి పూసిన మొగం ఉండాల్సిన చోట ప్లేటు మీద నల్లటి చుక్కల్లా కనుగుడ్లు, కోరలు తప్ప ఏమీ లేదు. ఒట్టి గాజు. అందులోంచి చూస్తే ఆకాశం కనపడింది. మసి కింద పుల్లన్న ఉన్నాడని గిడ్డమ్మకు చెప్పాడే, అబద్ధం. కెమెరాకు సంబంధించినంతవరకు అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు గుర్తుకొచ్చింది ముసుగు జారిన మొదటి ప్లేటు. నవ్వుతున్న పుల్లన్న. నవ్వుకు కొంచెం మసకబారి ఉంటుంది, అయినా మొగం మొగమే. గుర్తుకొచ్చిన వెంటనే అది ఏమైందో కూడా గుర్తుకొచ్చింది. చెడిన ప్లేట్లను సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, పైపొర గీకేసి, తేటగాజు చేసి పటాలు కట్టే బుడేన్ సాహెబ్‌కు ఇవ్వడం తన అలవాటు. అయినా పరుగెత్తాడు.

"నా గాజులు ఏమన్నా మిగిలుండాయా సాయిబూ? గీకకుండా మర్సిపోయి ఇచ్చింది?"

బుడేన్ సాహెబ్ అన్నీ వెతికి చూపించాడు. "నువ్విచ్చేది అద్దం మాదిరి శుభ్రంగా ఇస్తావు కంబన్నా. ఆ గాజులు యాడనో ఎవరిండ్లల్లోనో ఉండాయి. గాజుకేమన్నా గుర్తుంటాదా?"

ఊళ్లో ఏదో ఇంట్లో, ఏదో కొరివిదయ్యానికి ముందు, పుల్లన్న నవ్వు కడిగేసిన గాజు తళతళలాడుతూ ఉంది. దాన్ని అంత శ్రద్ధగా కడిగింది తనే.

ఇక మిగిలింది పెన్సిలు. ప్లేటు మీద పెన్సిలుతో గీస్తే ఫోటోలో అక్కడ తెలుపు వస్తుంది. మచ్చలు మాపడానికి వాడే ఉపాయం అది. కంబన్న ఆ ఖాళీగాజు మీద మొగం గీయడానికి కూర్చున్నాడు. ముక్కు ఎలా ఉండేది? గడ్డం కోలనా, గుండ్రమా? పుల్లన్న అంతసేపు తన చేతికింద కూర్చున్నాడు. తను చూసింది కొమ్ములు సరిగ్గా నిలిచాయా అని, మసి అంతటా అంటిందా అని. మొగం చూడలేదు. మొగాలు చూడడం మానేసి చాలా కాలమైంది.

పెన్సిలు మొగంతో వచ్చిన కొత్తఫోటోను గిడ్డమ్మ రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తిప్పింది. ఎంతో మర్యాదగా చూసింది.

"శానా బాగుండాడు కంబన్నా" అంది. "ఎవరి బిడ్డ?"

ఆ తరువాత కంబన్నకు నవ్వించే ఓపిక పోయింది. దయ్యాల కోసం వచ్చినవాళ్లకు కొమ్ములు కడుతూనే ఉన్నాడు, కానీ మసి పూసేముందు ఒక్కక్షణం ఆగి, ఆ మొగాన్ని చూసేవాడు. "ఏమప్పా అట్ల సూస్తాండావు?" అని వాళ్లు జడుసుకునేవాళ్లు. వేషానికి రాని భయం ఆ చూపుకు వచ్చేది. వేషం లేకుండా తీస్తానంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆయుష్షు మాట ఊరికి బాగా వంటబట్టించింది తనే కదా.

గిడ్డమ్మ అప్పుడప్పుడు వచ్చి పీట మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. ఒకరోజు గవాచి ఎండ ఆమె మీద ఏటవాలుగా పడుతుంటే హులిగెమ్మ చేటలో జొన్నలు చెరగడం ఆపి చూసింది.

"పుల్లన్నది నీ పోలికేనా అక్కా?"

"ఊరంతా అట్లే అంటాండ్రి. ముక్కు, గదవ నావే అంట." గిడ్డమ్మ తన గడ్డాన్ని తనే తడుముకుంది. ఎవరిదో వస్తువు దొరికినట్టు మళ్లీ మళ్లీ తడుముకుంది. తరువాత లేచి గబగబా ఇంటికి పోయి, పుల్లన్న చొక్కా, తలగుడ్డ పట్టుకుని వచ్చింది.

"నన్ను తియ్యి కంబన్నా. మసి లేకుండా తియ్యి."

"అక్కా, మరి ఆయు..." కంబన్న నోరు అలవాటు కొద్దీ మొదలుపెట్టి నడిమధ్యన ఆగిపోయింది.

"తగ్గనీలే" అంది గిడ్డమ్మ.

హులిగెమ్మ శ్మశానం తెరను ఊడబెరికి మూలకు తోసింది. తనే గిడ్డమ్మ తలకు గుడ్డ చుట్టి, ఆమె నెరిసిన జుట్టును లోపలికి దోపింది. చొక్కా గుండీలు పెట్టింది. కంబన్న కంబళి కప్పుకున్నాడు. కెమెరా వెనకద్దంలో మొగం తలకిందులుగా తేలింది. అది తల్లిదో కొడుకుదో ఆయనకు తెలియలేదు. కొడుకును చూసి ఉంటే కదా తెలిసేది.

ఫోటో కడిగి ఆరబెట్టి ఇచ్చిన రోజున గిడ్డమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసింది.

"ముసిలోడైనాడు" అంది. "బతికి ముసిలోడైంటే ఇట్లుండునేమో." ఫోటోను దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టుకుంది. "కంబన్నా, ఈ ముడతలు తుడిస్తే వాడే. ముడతలు తుడిసేది వస్తాదా నీకు?"

ముడతలు తుడవడం కంబన్నకు వచ్చు. కర్నూలులో ఎంతమంది దొరసానుల వయసు తగ్గించాడో. కానీ ఏ ముడత దగ్గర ఆగితే పుల్లన్నో, ఏ ముడత దాటితే మళ్లీ ఎవరి బిడ్డో, ఎవరు చెప్తారు?

"వస్తాదక్కా, గానీ..."

"నేను ఈడనే కూసుంటా. నువ్వు ఒగొగటే తుడుస్తా పో. వాడు రాంగానే సెప్తా."

ఆమె పీటను ఆయన పక్కకు జరుపుకుని కూర్చుంది. కంబన్న సన్నకుంచెను తెల్లరంగులో ముంచి, నుదుటి మీది గీతను ఒకదాన్ని పూడ్చాడు. కంటికొసన మరొకదాన్ని పూడ్చాడు. చెయ్యి ఆపి ఆమె వైపు చూశాడు.

గిడ్డమ్మ ఫోటోలోకి వంగి చూసింది. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి చూసింది.

"ఇంకా రాలేదప్పా" అంది. "తుడువు."