అద్దం లేని కెమెరా

భూదేవి కూలికి తెచ్చిన చీరను తిరగేసి మోకాళ్ల మీద పరుచుకుని, వెనకవైపు వేలాడే దారాలు తెంచుతోంది. ఎడమచేతి వేళ్లు దారాన్ని పట్టుకుంటాయి, కుడిచేతిలోని చిన్న కత్తెర ఒక్కసారి నోరు తెరిచి మూస్తుంది, దారం ఒళ్లో రాలుతుంది. పొద్దున ఆరింటికి కూర్చుంటే ఇది నాలుగో చీర. ఆమె చుట్టూ ఎర్రవీ పచ్చవీ దారాలు పోగుపడ్డాయి. ఫ్యాను వేస్తే అవి ఎగిరి అన్నంలో పడతాయని, కడుపులోకి పోతే పేగులకు చుట్టుకుంటాయని ఆమె ఫ్యాను వెయ్యదు. మార్చి నెలాఖరు. ఉధ్నాలోని ఆ రేకుల గదిలో ఎనిమిది దాటకముందే చెమట మెడ మీంచి వీపులోకి కారుతోంది.

కత్తెర పట్టీపట్టీ ఆమె కుడి బొటనవేలి కణుపు మీద చర్మం చింతగింజంత గట్టిపడింది. సిరిసిల్ల నుంచి రాష్ట్రం దాటి, బట్టల కార్ఖానాల ఈ ఊరు వచ్చి ఇరవై ఆరేళ్లు. భర్త లక్ష్మీరాజం మరమగ్గాలు నడిపేవాడు. వాళ్ల భాషలో సాంచెలు. ఆరేళ్ల కింద ఒక పగటి పాళీ డ్యూటీలో సాంచెను ఆపకుండానే పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరు గుండె అన్నాడు. అంతకు ముందు రోజు అతని ఎడమచెయ్యి లాగుతోందంటే నూనె రాసి ఊరుకుంది. మొదటి నుంచీ భయస్తురాలైన భూదేవి, అది మొదలు ఇక దేనికీ ఊరుకోలేదు.

తలుపు దగ్గర కొడుకు శ్యాంసుందర్ చెప్పులు వేసుకుంటున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు. తండ్రిలాగే సన్నటి మెడ, కొంచెం ముందుకు వంగిన భుజాలు. పదహారేళ్లకే సాంచెల మీదికి పోయి, నాలుగేళ్లు ఆ మోతలో నిలబడేసరికి ఎడమ చెవి సగం పోయింది. రెండోది కూడా పోతే లారీ హారను వినపడక రోడ్డు మీద పడి చస్తాడని అప్పుడు భూదేవి అన్నం మానేసి ఏడ్చింది. ఆ పోరు పడలేక లక్ష్మీరాజం కొడుకును స్టేషను దగ్గర ఫొటో స్టూడియోలో పనికి పెట్టాడు. పదకొండేళ్లుగా అక్కడే. ఎదుటివాళ్లు మాట్లాడితే కుడి చెవి వాళ్ల వైపు తిప్పి మెడ వంచడం అతనికి అలవాటు. కొత్తవాళ్లు అది వినయం అనుకుంటారు.

ఆమె లేచి అతని మాస్కు సరిగా ముక్కు మీదికి లాగింది. చొక్కా జేబులో కర్పూరం, వాము కట్టిన చిన్న మూట ఉందో లేదో తడిమింది. రైలు పట్టాలు దాటొద్దు, పై వంతెన మీంచే పో అంది. అతను నవ్వాడు.

"భయపడుడు నీకొక డ్యూటీ అయింది అవ్వా. ఓవర్‌టైం గూడ చేస్తున్నవు."

ఆ రోజు స్టూడియో ఆఖరి రోజు. యజమాని బుచ్చిరాములు వాళ్ల వైపువాడే, అరవై దాటాయి. నిరుటి లాక్‌డౌన్ తర్వాత పెళ్లిళ్లు లేక, ఫొటోలు లేక, దుకాణం వదిలేసి సాయంత్రం బండికి ఊరికి పోతున్నాడు. తన దగ్గర మిగిలిన రెండు కెమెరాల్లో నీకు నచ్చింది ఒకటి తీసుకోమని శ్యాంసుందర్‌తో అన్నాడు. రెండోది కొనుక్కునేవాడు మధ్యాహ్నం రెండింటికి వస్తాడు, ఈలోపే తేల్చుకోవాలి.

శ్యాంసుందర్‌కు అది ఉత్త కానుక కాదు. ఇక్కడ రాత్రి కర్ఫ్యూ మళ్లీ పెట్టారు. ఫొటో ఉన్న కార్డు లేకపోతే రాత్రి పాళీకి పోయేవాళ్లను పోలీసులు దారిలో ఆపుతున్నారు. పక్క వీధిలోని సాంచెల కార్ఖానాలో రెండు వందల మంది. వాళ్లందరి ఫొటోలూ తీసి కార్డులు చేసిపెట్టే పని తనకే ఇస్తానని అక్కడి మేస్త్రీ కనకయ్య మాట ఇచ్చాడు. అది అయితే పక్క కార్ఖానా, ఆ తర్వాత ఇంకోటి. మొదటిసారి ఎవరి కిందా కాకుండా తన చేతి పని. శ్యాంసుందర్ ఫోను పగిలిపోయి బొమ్మలన్నీ మబ్బుగా వస్తున్నాయి. కెమెరా ఏదో ఇవాళ ఖాయమైతే రేపటి నుంచి పని.

అతను పోయాక భూదేవి చేతులు చీర మీద ఉన్నాయి గానీ మనసు లేదు. కెమెరా అంటే ఏ కెమెరా? ఎంత ఉంటుంది? మెడలో వేసుకుని పోతాడా? పోయిన ఏడు కర్ఫ్యూలో ఎవరో పిల్లవాడు ఫొటోలు తీస్తుంటే పోలీసులు కొట్టారని చెప్పుకున్నారు. అది నిజమో కాదో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నిజమైతేనో? ఎనిమిదో చీర సగంలో ఆపి, అన్నం, చింతపండు చారు డబ్బాలో కట్టుకుని, గదికి తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసి బయలుదేరింది.

స్టూడియో సగం ఖాళీ అయింది. లోపలి గోడ మీద, జనం తల దువ్వుకునే చోట, ఎప్పుడూ ఉండే నిలువెత్తు అద్దం లేదు. దాన్ని తీసి గోనెపట్టాలో చుట్టి మూలకు ఆనించారు. గోడ మీద అది ఉన్నంత మేరా సున్నం తెల్లగా, మిగతాది నల్లగా కనిపిస్తోంది. ఆ తెల్లటి చోటును చూడగానే భూదేవి ముఖం తిప్పుకుంది. లక్ష్మీరాజం పోయిన రోజున, చావింట అద్దం ఉండొద్దని, ఆడబిడ్డ గోడ మీది అద్దం తీసి మంచం కిందికి తోసింది. పదకొండు రోజుల తర్వాత మళ్లీ గోడకు పెట్టినప్పుడు అందులో కనపడిన మనిషి వేరు.

బల్ల మీద రెండు కెమెరాలున్నాయి. ఒకటి నల్లగా, బరువుగా, ముందుకు పొడుచుకొచ్చిన మూతితో ఉంది. రెండోది సబ్బుబిళ్లంత, వెండిరంగుది, చొక్కా జేబులో పడుతుంది. శ్యాంసుందర్ పెద్దదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. అతను పసివాడిగా ఉన్నప్పుడు కొత్త చెప్పులను అలాగే పట్టుకునేవాడు, తొడుక్కోకుండా.

తల్లిని లోపలి బల్ల మీద కూర్చోమని, తాను వెనక్కి నడిచి వాకిట్లోకి, ఇంకా వెనక్కి ఫుట్‌పాత్ దాకా పోయాడు. అక్కడి నుంచి ఒకసారి నొక్కి, వచ్చి వెనక ఉన్న చిన్న తెర చూపించాడు. అంత దూరం నుంచి తీసిన బొమ్మలో ఆమె ముఖం నిండుగా ఉంది. కళ్ల కింద నలుపు, ముక్కు పక్కన పులిపిరి, బొట్టులేని నుదురు. దీన్ని ఏమంటారని అడిగింది.

"మిర్రర్‌లెస్ అంటరు. పాత పెద్ద కెమెరాల లోపట చిన్న అద్దం ఉంటుండె అవ్వా. దీంట్ల గది లేదు."

"అద్దం లేనిదా?"

"ఆఁ. అద్దం లేనిదే."

ఆమె తెర మీది నుంచి చెయ్యి తీసేసుకుంది. ఆ మాట ఇంకోసారి నోటితో అనడానికి కూడా భయపడింది. కొడుకు మొదటిసారి సొంత పని పెట్టుకుంటుంటే, ఇంట్లోకి వచ్చే మొదటి వస్తువు అద్దం లేనిదా? అయితే అలా అంటే నవ్వుతారని తెలుసు. అందుకని వేరేవన్నీ చెప్పింది. మెడలో వేలాడేస్తే దొంగల కళ్లన్నీ దాని మీదే. గుంజుకునేటప్పుడు ఆ పట్టీ మెడకు బిగుసుకుంటుంది. పోలీసులు పేపరువాడనుకుంటారు. వానొస్తే ఎక్కడ దాస్తావు? చిన్నదైతే జేబులో ఉంటుంది, ఉందని నీకు తప్ప ఎవరికీ తెలియదు.

బుచ్చిరాములు గంప కడుతూ తలెత్తాడు. పనికి పెద్దదే మంచిదని, సాంచెల కార్ఖానాలో వెలుతురు తక్కువని, చిన్నదాని లైటు రెండడుగులు దాటి పోదని మెల్లగా చెప్పాడు. భూదేవి అతని వైపు చూసింది. మీకేం, మీరు సాయంత్రం బండెక్కుతారు అన్నట్టుగా ఉంది ఆ చూపు. అతను మళ్లీ తాడు ముడి మీదికి వంగాడు.

శ్యాంసుందర్ పెద్దదాని మూతికి మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తల్లి కళ్లలో నీళ్లు తిరగడం చూశాడు. ఆ నీళ్లను అతను ఎన్నోసార్లు చూశాడు. సాంచెలు మానేసినప్పుడు, బైకు నేర్చుకుంటానన్నప్పుడు, ముంబైలో పెళ్లిళ్ల ఫొటోల పనికి పిలుపు వచ్చినప్పుడు. ఒక్కసారి కూడా వాటిని దాటి పోలేదు.

"సరే తియ్యి. దీంతోనైతే జర దగ్గరికి పోవాలె, గంతే గదా."

చిన్నదాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. కర్పూరం మూట పక్కన అది చక్కగా ఇమిడింది. భూదేవి జేబు గుండీ పెట్టి, దాని మీద అరచేత్తో ఒకసారి నొక్కింది. రెండింటికి కొనుక్కునేవాడు వచ్చి పెద్ద కెమెరాను తీసుకుపోయాడు. శ్యాంసుందర్ దాని సంచీ జిప్పు తనే వేసి ఇచ్చాడు.

తల్లీకొడుకులు బుచ్చిరాముల్ని బండి దాకా సాగనంపి, వంతెన మీంచి నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఆమె మిగిలిన చీరల దారాలు తెంచింది. అతను గుమ్మంలో కూర్చుని చిన్న కెమెరాతో పిల్లిని, కుళాయిని, ఆమె కత్తెరను తీశాడు. బాగానే వస్తున్నాయి అవ్వా అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట భూదేవి రెండోసారి అన్నం పెట్టుకుంది.

మర్నాటి నుంచి అతను కార్ఖానాకు పోయాడు. హోలీకి కొంత మంది ఊళ్లకు పోయినా పని ఆగలేదు. రోజుకు పది, పదిహేను ముఖాలు. ఉగాది మర్నాడు సాయంత్రం వచ్చి, ఒళ్లు నొప్పులంటూ చాప మీద ఒరిగాడు. ఆమె అప్పుడే భయపడింది. అయితే ఆమె ఎప్పుడూ భయపడుతూనే ఉంటుంది కాబట్టి, ఇది వేరని ఆమెకు కూడా వెంటనే తెలియలేదు. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. ఆటోలో రెండు ఆసుపత్రులు తిరిగి, మూడోచోట మంచం దొరికింది. గేటు లోపలికి ఆమెను రానివ్వలేదు. అన్నం డబ్బా లోపలికి పోయేది, ఖాళీది బయటికి వచ్చేది. ఏడో రోజు డబ్బా నిండుగా వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున పేరు పిలిచారు. శ్మశానంలో తాడు కట్టిన చోట నిలబడమన్నారు. అక్కడి నుంచి తెల్లటి మూట కనిపించింది, పొడుగును బట్టి కొడుకే అనుకుంది.

నెల తిరిగాక కనకయ్య వచ్చాడు. అతను కూడా చిక్కిపోయి ఉన్నాడు. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు. చంకలో ఏదో బట్ట మడత ఉంది. తమ కార్ఖానాలో ముప్పై మందిదాకా జబ్బున పడ్డారని, ఇద్దరు పోయారని చెప్పాడు. శ్యాంసుందర్ ఎంత ఓపికగా తీసేవాడో చెప్పాడు, ఆమెకు ఊరటగా ఉంటుందని.

"సాంచెలు ఆపనియ్యకపోతుండె శేఠు. గా మోతల మేం చెప్పే పేర్లు మీ పిలగానికి ఇనవడకపోయేది వదినా. నోరు చెవు దగ్గర పెట్టి చెప్పమనేటోడు. చెప్పినంక గదువ పట్టుకొని మొఖం నిమ్మళంగ తిప్పి తీసేటోడు. ఒక్కని మీద గూడ కసురుకోలె."

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ భూదేవి చేతిలో కత్తెర తెరిచినది తెరిచినట్టే ఉంది.

"ఎంత దగ్గరికొచ్చి తీసేటోడు, కనకయ్యా?"

అతను ఆ ప్రశ్నలో ఏముందో ఎరగడు. చెయ్యి చాచి చూపించబోయి, అంత కాదన్నట్టు తల ఊపి, మోచేతి దగ్గర మడిచి చూపించాడు. కెమెరా పట్టుకున్నట్టున్న ఆ చెయ్యి ఆమె ముఖానికి జానెడు ఇవతల ఆగింది.

ఆమె ఆ జానెడు వైపే చూసింది. స్టూడియో లోపలి బల్ల దగ్గరి నుంచి ఫుట్‌పాత్ దాకా ఎన్ని అడుగులో ఆమె లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెడుతోంది. కనకయ్య ఇంకేదో అంటున్నాడు, ఆమె వినడం లేదు. దొంగలు, పోలీసులు, వాన, రైలు పట్టాలు, లారీ హారను. అన్నింటికీ భయపడింది. తన మాట నెగ్గినందుకు ఒక్కదానికే భయపడలేదు.

ఫొటోలకు వెనక కట్టిన గుడ్డ కార్ఖానాలోనే ఉండిపోయిందని చెప్పి, కనకయ్య చంకలోని మడతను గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. అది రంగు వెయ్యని తెల్లబట్ట, సాంచె మీంచి దించింది దించినట్టే, రెండు గజాలు ఉంటుంది. భూదేవి విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పై మూలల్లో మేకులు దిగిన చిల్లులున్నాయి. వాటి కింద, మనిషి తల ఎత్తున, ఎవరెవరివో రెండు వందల తలలు ఆనిన చోట పళ్లెమంత నూనె మరక.